సదరు కుక్క కన్ను స్పష్టముగా ఉన్నది

మా ఆఫీసు పైనుంచి వచ్చిన మాటని అక్షరాలా పాటిస్తుంది. ఈ విషయంలో మాకు జిల్లాలో మంచి పేరుంది. రెండేళ్ళ కిందట "అధికారులందరూ గ్రౌండ్ లెవెల్లో పనిచేయాలి" అని మెమో వస్తే, మేడమీద ఉన్న ఆఫీసుని బీరువాలతో సహా కిందికి దించాం. అప్పటిదాకా కిందున్న సైకిల్ స్టాండు మేడమీదకి వెళ్ళింది. కిందటేడు "ఇకమీదట గేర్ మార్చి పనిచేయాలి" అని వస్తే ఆఫీసు జీపులన్నిటినీ వర్క్‌షాపుకి పంపించాం. అవి ఇంకా తిరిగి రాలేదు. అంచేత ఈ ఏడు "ప్రజా సమస్యలపై తక్షణం ఫోకస్ పెట్టాలి, ఫోకస్ లోపించిన అధికారులపై చర్యలు తప్పవు" అని మెమో వచ్చినప్పుడు మేం ఏమాత్రం తడబడలేదు. కెమెరా కొన్నాం.

మాది జిల్లా సమస్యల పరిష్కార విభాగం. నేను అందులో సూపరింటెండెంటుని. మా ప్రత్యేకాధికారి వైకుంఠరావు గారు. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదువుతున్నట్టు ఉంటుంది. ఇంట్లో కూడా అంతేనని వాళ్ళావిడ మా ఆవిడతో అన్నదట. సదరు పప్పులో ఉప్పు లోపించిన విషయమై తగు చర్య తీసుకోగలరు, అంటారట.

"సమస్యల మీద ఫోకస్ పెట్టమంటే శ్రద్ధ పెట్టమని కాదాండీ?" అని నేను అడగకపోలేదు.

"శ్రద్ధ అని వారు రాయలేదు కదా సూపరింటెండెంటు గారూ. రాయదలిస్తే రాసేవారు. ఫోకస్ అన్నారు. ఫోకస్ పెట్టేది కెమెరా. మనిషికి కళ్ళు మాత్రమే ఉంటాయి" అన్నారాయన.

వచ్చిన కెమెరా మిర్రర్‌లెస్సు. లోపల అద్దం ఉండదు. ఈ కాలం కెమెరాలు అలాగే వస్తున్నాయని పెట్టె మీదే రాసి ఉంది. కానీ మా స్టోర్ కీపరు పెట్టె విప్పి, తలకిందులు చేసి, దులిపి చూసి, "అద్దం రాలేదు" అని రిజిస్టర్లో రాశాడు. అద్దం లేకుండా సరుకు దించుకున్నానని రేపు ఆడిట్ వాళ్ళు అంటే నాకు పెన్షన్ ఆగిపోతుందండీ అన్నాడు. అద్దం పంపవలసిందిగా కంపెనీకి రిమైండర్ల మీద రిమైండర్లు వెళ్ళాయి. చివరికి కంపెనీ వాళ్ళు విసిగిపోయి చేతి అద్దం ఒకటి కొరియర్లో పంపించారు. స్టోర్ కీపరు అందులో తల దువ్వుకుని చూసి, సరుకు పూర్తిగా ముట్టిందని సంతకం పెట్టాడు.

కెమెరా వాడకం నేర్పడానికి కంపెనీ తరఫున టై కట్టుకున్న ప్రతినిధి ఒకాయన వచ్చాడు. ఈ కెమెరా గొప్పతనమంతా ఆటోఫోకస్‌లో ఉందన్నాడు. ఎదురుగా ఏముందో అదే వెతుక్కుంటుందట. మొహం కనిపిస్తే మొహాన్ని పట్టుకుంటుంది. మొహంలో కన్నుంటే కన్నుని పట్టుకుంటుంది. పట్టుకున్నట్టు తెరమీద చిన్న పచ్చ గడి కనిపిస్తుంది. ఆ గడి ఎవరి మీదుంటే వాళ్ళు కడిగిన ముత్యంలా వస్తారు.

వైకుంఠరావు గారు మొదటి ప్రశ్న వేశారు. "ఒకే ఫొటోలో గెజిటెడ్ అధికారి, నాన్ గెజిటెడ్ ఉద్యోగి ఉన్నట్లయితే గడి ఎవరిమీద పడును?"

"ఎవరు కెమెరాకి దగ్గరుంటే వాళ్ళ మీద సార్."

హాల్లో కలకలం పుట్టింది. ప్రతినిధి కంగారుపడి, ముందుగా కొన్ని మొహాలు కెమెరాకి చూపించి పెట్టుకోవచ్చని, ఎంతమందిలో ఉన్నా అది వాళ్ళనే ముందు పట్టుకుంటుందని చెప్పాక అందరూ శాంతించారు. ఆ మధ్యాహ్నమే సీనియారిటీ ప్రకారం మా మొహాలన్నీ కెమెరాకి పరిచయం చేశాం. మొదటి స్థానం సార్‌ది. నా మొహాన్ని అది ఒకటికి రెండుసార్లు అడిగి మరీ తీసుకుంది.

ఫొటోలు తీయడానికి రత్నకిశోర్‌ని కాంట్రాక్టు మీద పెట్టుకున్నాం. అంతకు ముందు పెళ్ళిళ్ళకి తీసేవాడు. ఆ అలవాటు పోలేదు. మురిక్కాలవ తనిఖీకి వెళ్ళినా, "సార్, గడ్డం కొంచెం దించండి. మేడమ్, మీరు సార్ వైపు చూడండి. అందరూ ఓ చిన్న నవ్వు" అనేవాడు.

మొదట్లో ఒక చిక్కు వచ్చింది. ఫొటోలో సార్ బాగానే వచ్చేవారు. వెనకనున్న సమస్య కూడా అంతో ఇంతో కనపడేది. కారుతున్న హాస్టలు కప్పు, మూతలేని మ్యాన్‌హోలు, వీటి ముందు సార్ నవ్వుతూ ఉండేవారు. పైనుంచి అక్షింతలు పడ్డాయి. అప్పుడు టై ప్రతినిధి కొత్త లెన్సు ఒకటి పట్టుకొచ్చాడు. జాడీ అంత ఉంది. దీంతో తీస్తే ఎదురుగా ఉన్న మనిషి మాత్రం నిలబడతాడు, వెనకున్నదంతా వెన్నలా కరిగిపోతుంది సార్ అన్నాడు. పరీక్ష కోసం సార్‌ని మా ఆఫీసు మెట్ల దగ్గర గోడ ముందు నిలబెట్టాం. ఆ గోడకి పాన్ మరకలు కింద నుంచి పైదాకా ఉంటాయి. ఫొటోలో అవి సంధ్యాకాశంలా వచ్చాయి.

సార్ చాలాసేపు చూసి, "ఇన్నేళ్ళూ సున్నాలు వేయించి ఎంత వృథా చేశాం" అన్నారు.

ఆ వారమే సర్క్యులర్ జారీ అయింది. ముసాయిదా నాదే. "ఫోకస్‌లో ఉన్నది మాత్రమే సమస్యగా పరిగణించబడును. ఫోకస్‌లో లేనిది నేపథ్యముగా పరిగణించబడును. నేపథ్యముపై చర్య తీసుకొను అధికారము ఈ కార్యాలయమునకు లేదు." నెల తిరిగేసరికి జిల్లాలో సమస్యలు బాగా తగ్గిపోయాయి. నేపథ్యాలు ఎంతో ఆహ్లాదకరంగా తయారయ్యాయి. పైనుంచి మెచ్చుకోలు వచ్చింది.

ఇలా అంతా సాఫీగా సాగుతుండగా వీరవేణి వచ్చింది.

ఆవిడది ఆవలగట్టు. మా ఊరికి, ఆవలగట్టుకి మధ్య పంటకాలవ ఒకటే అడ్డు. దానిమీద ఓ పాత కల్వర్టు ఉండేది.

"ఆయ్, ఆ కలవట్టు దసరా ముందు వానలకి కూలిపోయిందండి" అంది వీరవేణి. "తాడి దుంగలేసుకున్నామండి. అందరం వాటిమీంచే ఎల్తన్నాం. మా ఆయన ఎల్లలేడు కదండీ."

వాళ్ళాయన ధనరాజు. జాకెట్లు కుట్టడంలో మా ఊళ్ళో అతని తర్వాతే ఎవరైనా. మా ఆవిడ కూడా అతని దగ్గరే కుట్టించుకునేది. చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి మీద రోజూ కల్వర్టు దాటి బజార్లో కొట్టుకి వచ్చేవాడు. దారిలో ఎదురైన ప్రతివాడినీ పలకరించేవాడు. తాడి దుంగల మీద ఆ బండి నడవదు.

"మెషీను ఇంటికి తెచ్చుకొనవచ్చును కదా" అన్నారు వైకుంఠరావు గారు.

"తేవచ్చండి. కొలతలియ్యడానికి ఆడాళ్ళు దుంగ మీంచి రారు కదండీ. ఇప్పుడు మెషీను కొట్లో ఉందండి, మనిషి ఇంట్లో ఉన్నాడండి. నలుగుర్లో ఉండే మనిషండి ఆయన. ఇప్పుడు గోడకేసి చూసుకుంటా కూకుంటన్నాడు. శ్రావణమాసంలోపు షట్టరెత్తకపోతే కొట్టు సెల్లుల కొట్టోడికి ఇచ్చేత్తానంటన్నాడండి ఓనరు."

ఆవిడ ఏడవలేదు. దండం కూడా పెట్టలేదు. జవాబు వినడానికి వచ్చిన మనిషిలా నిలబడింది. నాకెందుకో అది మరీ కష్టంగా అనిపించింది.

తనిఖీకి వెళ్ళాం. కల్వర్టు సగానికి విరిగి, ఇనుప చువ్వలు బయటికి పొడుచుకొచ్చి, మిగతా సగం కాలవలో పడి ఉంది. రత్నకిశోర్ సార్‌ని దాని ముందు నిలబెట్టి, చొక్కా సర్ది, గడ్డం దింపించి తీశాడు. పచ్చ గడి తిన్నగా వెళ్ళి సార్ ఎడమ కంటి మీద కూర్చుంది. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. వెనక కల్వర్టు లేదు. కాలవ లేదు. బూడిదరంగు మెత్తదనం ఏదో ఉంది.

"క్షేత్ర పరిశీలనలో సమస్య ఏదియు ఫోకస్‌లోకి రాలేదు. నేపథ్యము ప్రశాంతముగా ఉన్నది" అని అక్కడికక్కడే చెప్పి రాయించారు సార్.

"మీరు కాత్త పక్కకి జరిగితే కనపడుద్ది కదండీ" అంది వీరవేణి.

"అమ్మా, అధికారి లేని ఫొటో తనిఖీ కిందికి రాదు. ప్రకృతి దృశ్యం కిందికి వస్తుంది" అన్నారు సార్ ఓపిగ్గానే. ఆయన కఠినుడు కాదు. ఎవరినీ కసురుకోగా నేను చూడలేదు. నిబంధన తన చేతిలో లేదని మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి.

ఈలోగా కెమెరాకి అప్‌డేట్ వచ్చింది. ఇప్పుడది మనుషుల్నే కాదు, జంతువుల్ని, పక్షుల్ని, బండ్లని, రైళ్ళని, విమానాల్ని కూడా వేటికవే గుర్తుపడుతుంది. ఏది కావాలో ముందుగా చెప్పాలి. జంతువు అని చెప్తే మనుషుల వంక కన్నెత్తి చూడదు. మెమోలో సమస్యలన్నిటి మీదా ఫోకస్ పెట్టమని ఉంది కాబట్టి, వైకుంఠరావు గారు వారాన్ని పంచేశారు. సోమవారం మనుషులు, మంగళవారం జంతువులు, బుధవారం పక్షులు, గురువారం బండ్లు, శుక్రవారం రైళ్ళు, శనివారం విమానాలు.

మా జిల్లాలో విమానాశ్రయం లేదు. అయినా శనివారాలు రత్నకిశోర్ మేడమీద సైకిల్ స్టాండులో వెల్లకిలా పడుకుని, పైన దారిన పోయే విమానాల్ని తీసేవాడు. విమానాల వైపు నుంచి ఫిర్యాదులు లేవని నివేదిక పంపేవాళ్ళం. బుధవారం నాడు చేలల్లో కొంగల కళ్ళు తీశాం. కొంగల పరిస్థితి సంతృప్తికరంగా ఉందని తేలింది. రైళ్ళు మా పరిధి కాదు కనక వాటి ఫొటోలు రైల్వే వారికి పంపించాం. వారు తిప్పి పంపించారు. మళ్ళీ పంపించాం.

సర్క్యులర్‌కి సవరణ కూడా వచ్చింది. కెమెరా గుర్తించిన ఆరు తరగతుల్లో ఏదో ఒక దానికి చెందని సమస్య అర్జీగా స్వీకరించబడదు. కల్వర్టు ఏ తరగతికీ చెందదు.

"అయితే మా ఆయన బండిని తియ్యండి. బండే కదండీ అది" అంది వీరవేణి.

గురువారం నాడు కాలవ దగ్గరికి వెళ్ళాం. అవతలి గట్టు మీద ధనరాజు మూడు చక్రాల బండి మీద తయారుగా కూర్చుని ఉన్నాడు. మెడలో టేపు ఉంది. కొట్టు మూతపడ్డా ఆ టేపు తియ్యడట. రత్నకిశోర్ కెమెరా ఎత్తి పట్టాడు. పచ్చ గడి బండి దగ్గరికి వచ్చింది, కాసేపు తచ్చాడింది, వదిలేసి పక్కకి పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది.

"ఏవండీ, దొరికానా?" అని అవతల నుంచి కేకేశాడు ధనరాజు.

"లేదన్నా. నిన్ను బండి కింద ఒప్పుకోవట్లేదు" అన్నాడు రత్నకిశోర్.

"పోనీ మనిషి కింద?"

"ఇయ్యాళ మనుషుల రోజు కాదన్నా."

ధనరాజు పడీపడీ నవ్వాడు. "సరేలెండి. మా ఆవిడ కూడా నన్ను ఏ కింద లెక్కెయ్యాలో తెలవట్లేదంటది" అన్నాడు. ఇవతల గట్టున నిలబడ్డ వీరవేణి నవ్వలేదు. అంతలో అతని వెనక రోడ్డు మీద ఎవరో మోటారు సైకిలేసుకుని పోతుంటే గడి చటుక్కున దాన్ని పట్టుకుంది. సార్ ఆనందించి, ఆ మోటారు సైకిలు వాడి సమస్యేమిటో కనుక్కోమన్నారు. వాడు ఆగకుండా వెళ్ళిపోయాడు. "వాహనదారు సంతృప్తిగా ఉన్నాడు" అని రాసుకున్నాం.

మూడు చక్రాల బండిని గుర్తించేలా చేయమని కంపెనీకి రాద్దామండీ అని సార్‌తో అన్నాను. మన అద్దం వ్యవహారం తర్వాత వాళ్ళు మన ఉత్తరాలు విప్పడం లేదన్నారు సార్.

వీరవేణి మాత్రం ఊరుకునే రకం కాదు. సోమవారం మనుషుల రోజే అయినా గడి సార్ కంటినే పట్టుకుంటుందని ఆవిడకి తెలుసు. ఓ రోజు టీ కొట్టు దగ్గర రత్నకిశోర్‌ని పట్టుకుంది. నేను అక్కడే ఉన్నాను.

"ఏది చూపిత్తే టక్కున పట్టుకుంటది బాబూ మీ కెమెరా?"

"కుక్కలక్కా" అన్నాడు వాడు టీ ఊదుకుంటూ. "కొత్త అప్‌డేట్‌లో కుక్కల మీద ప్రాణం పెట్టేశారు. ఎంత దూరంలో ఉన్నా, పరిగెడుతున్నా, కన్ను దొరకబుచ్చుకుంటది."

వీరవేణి కొట్టు బల్ల కింద పడుకున్న ఎర్ర కుక్కని చూసింది. కుక్క వీరవేణిని చూసింది.

మంగళవారం మేం వెళ్ళేసరికి ఆ ఎర్ర కుక్క విరిగిన కల్వర్టు అంచున, చువ్వల పక్కన, బుద్ధిగా కూర్చుని ఉంది. దాని కాళ్ళ దగ్గర ఎండుచేప ముక్కలున్నాయి. సార్ ఎప్పటిలాగే ముందు నిలబడి గడ్డం దించారు. రత్నకిశోర్ నొక్కాడు. గడి సార్ మొహం మీదుగా, ఆగనైనా ఆగకుండా వెళ్ళిపోయి, కుక్క కంటి మీద కూర్చుంది.

ఫొటో చూసుకున్న సార్ మొహం పాలిపోయింది. ముందున్న ఆయన మెత్తటి తెల్ల మబ్బులా ఉన్నారు. వెనక కుక్క కన్ను నిగనిగలాడుతోంది. కుక్క కూర్చున్న చోటే ఉంది కాబట్టి విరిగిన కల్వర్టు కూడా, చువ్వల తుప్పుతో సహా, కళ్ళకి కట్టినట్టు వచ్చింది.

"నేను నేపథ్యంలో..." అన్నారు సార్.

"నేపథ్యం కాదు సార్, మీరు ముందున్నారు. ముందు కూడా కరుగుద్ది ఈ లెన్సుకి" అని సర్దిచెప్పాడు రత్నకిశోర్.

పాతికేళ్ళ సర్వీసులో ఎవరూ ఆయన్ని అలా దాటిపోయి ఉండరు. కానీ నిబంధన నిబంధనే. గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టారు. నేను రాసుకున్నాను. "సదరు కుక్క కన్ను స్పష్టముగా ఉన్నది. సదరు కుక్క కల్వర్టు లేని కారణమున కాలువ దాటలేక తీవ్ర అసౌకర్యమునకు గురియగుచున్నది. తగు చర్య నిమిత్తము సమర్పించడమైనది."

ఆయన ఇది చెప్తుండగానే సదరు కుక్క లేచి, తాడి దుంగ మీంచి అవతలికి వెళ్ళి, ఓ ఇంటి వెనక ఏదో వాసన చూసి, మళ్ళీ దుంగ మీంచే ఇవతలికి వచ్చింది. అది ఫోకస్‌లో లేనప్పుడు జరిగింది కనక నివేదికలోకి రాలేదు.

ఆ ఫొటో పైదాకా వెళ్ళింది. చూసినవాళ్ళంతా కరిగిపోయారట. ఆ కళ్ళలో ఆ దిగులేమిటండీ అన్నారట. సెల్‌ఫోన్ల నిండా ఆ కుక్కే. మనిషి అర్జీకి కాళ్ళు రావు గానీ కుక్క ఫైలు పరిగెత్తుకుంటూ పోయి మంజూరు ఉత్తర్వుతో తిరిగొచ్చింది. నాకు మనసు తేలికపడింది. ఎలా వస్తేనేం, వంతెన వస్తోంది కదా అనుకున్నాను. వీరవేణి మా ఆఫీసందరికీ పాలకోవా పంచింది. ధనరాజు బండి గొలుసుకి నూనె పెట్టుకున్నాడని, నీలం గుడ్డ తెప్పించుకుని చేత్తోనే కొత్త చొక్కా కుట్టుకుంటున్నాడని చెప్పింది. ఆ పూట ఆవిడ నవ్వడం మొదటిసారి చూశాను.

ఆషాఢం చివర్లో వంతెన పూర్తయింది. దాన్ని చూసి వీరవేణి ఇంజనీరు గారిని అడిగింది.

"ఇదేటండి, బల్లలాగుంది?"

"ఒకటిన్నర అడుగు" అన్నాడు ఇంజనీరు గర్వంగా. "లబ్ధిదారు భుజాల వెడల్పు స్వయంగా కొలిపించాను. కరుస్తుందేమోనని భయపడుతూనే కొలిపించాను. రెండు పక్కలా బెత్తెడు ఎక్కువే ఇచ్చాం."

"మడుసులు ఎల్లడానికి కదండీ వంతెన?"

"మంజూరు ఉత్తర్వులో మనుషుల ప్రస్తావన లేదమ్మా. మనుషులు నడిస్తే మా శాఖకి అభ్యంతరం మాత్రం లేదు."

నేను ఉత్తర్వు తెప్పించుకుని మళ్ళీ చదివాను. ఆయన చెప్పింది నిజం. లబ్ధిదారు అన్నచోట కుక్క అని ఉంది. రంగు ఎరుపు, తోక వంకర అని కూడా ఉంది. ధనరాజు పేరు ఎక్కడా లేదు. మేం పంపిన నివేదికలోనే లేకపోతే అందులోకి ఎలా వస్తుంది?

ప్రారంభోత్సవం మంగళవారమే పెట్టారు. కుక్కకి బంతిపూల దండ వేశారు. అది దండలో సగం తినేసింది. రిబ్బన్ కత్తిరించి, సార్ వంతెన మీద పక్కకి తిరిగి, పొట్ట బిగపట్టి, అడుగులో అడుగేసుకుంటూ మధ్యదాకా వెళ్ళారు. రత్నకిశోర్ ఇవతల గట్టు మీంచి, "సార్, మీరు కాస్త ఫ్రేము బయటికి జరగండి. కుక్కొక్కటే, ఓ చిన్న నవ్వు" అంటున్నాడు. మేళగాళ్ళు వాయిస్తున్నారు.

ఆ హడావిడిలో అవతలి గట్టు మీదకి ధనరాజు వచ్చాడు. నీలం చొక్కా వేసుకున్నాడు. బండి తిప్పుకుంటూ వంతెన మొదట్లోకి వచ్చి ఆగాడు. ముందు చక్రాన్ని ఎక్కించి చూశాడు. వెనక చక్రాలు రెండూ అటొకటి ఇటొకటి గాల్లో ఉంటాయని అతనికి అర్థమైంది. మెడలోంచి టేపు తీసి, వంగి, వంతెన వెడల్పు కొలిచాడు. తర్వాత బండి వెడల్పు కొలిచాడు. టేపు చుట్టి జేబులో పెట్టుకుని, మేళం అయ్యేదాకా అక్కడే కూర్చుని చూశాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించే మనిషి అలా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. అటు వెళ్ళి పలకరిద్దామనుకున్నాను. వంతెన మీద సార్ ఇరుక్కుని ఉన్నారు.

ఆనాటి ఫొటోకి రాష్ట్రస్థాయిలో ఉత్తమ ఫోకస్ పురస్కారం వచ్చింది. దాన్ని గుమ్మం తలుపంత పెద్దది చేయించి మా హాల్లో ఎదురుగోడకి తగిలించాం. వంతెన మధ్యలో కుక్క నిలబడి ఉంటుంది. దాని కంట్లో, దగ్గరికెళ్ళి చూస్తే, కెమెరా పట్టుకున్న రత్నకిశోర్ కూడా కనిపిస్తాడు. మిగతాదంతా రంగులు. వచ్చినవాళ్ళు దాని ముందు నిలబడి ఫొటోలు దిగి వెళ్తున్నారు.

శ్రావణంలో ఓ సోమవారం వీరవేణి వచ్చింది. కొట్టు సెల్లుల వాడికి ఇచ్చేశారని చెప్పింది. మెషీను దుంగ మీంచి, కాదు, వంతెన మీంచి ఇంటికి మోసుకొచ్చారట. కుట్టడానికి మాత్రం ఏమీ రావడం లేదట. నేను కుర్చీ చూపించాను. ఆవిడ కూర్చోకుండా గోడ వైపు నడిచింది. ఫొటోని ఒకసారి కింద నుంచి పైకి చూసింది. కుక్క వెనకాల, అవతలి గట్టున, గుండ్రంగా మెత్తగా అలుక్కుపోయిన నీలిరంగు మీద వేలు పెట్టింది.

"ఈయన మా ఆయనండి" అంది.

నేను రోజూ ఆ ఫొటో ఎదురుగానే కూర్చుంటాను. అది గట్టు మీద ఎవరో పెట్టిన ప్లాస్టిక్ డ్రమ్మనుకున్నాను. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అప్పుడే వైకుంఠరావు గారు గదిలోంచి వచ్చారు. ఫొటో దగ్గర జనం నిలబడితే ఆయనకి సంతోషం.

"చూశారా అమ్మా, ఆ నీలం? న్యాయనిర్ణేతలు దాన్ని గురించి ప్రత్యేకంగా రాశారు. కుక్క ఎరుపుకి ఆ నీలం పడబట్టే పురస్కారం వచ్చిందన్నారు. అంత మెత్తగా కరగాలంటే మామూలు లెన్సు వల్ల కాదు."

"అది మడిసండీ" అంది వీరవేణి.

సార్ అద్దాలు పైకి తోసుకుని ఫొటో మీదకి వంగారు. నిజంగానే శ్రద్ధగా చూశారు. సందేహించవలసిన అవసరం లేదని తేల్చుకుని నిటారుగా నిలబడ్డారు.

"అయితే మీ వారిని కూడా పరిగణనలోకి తీసుకొనే రోజు తప్పక వస్తుంది. పైనుంచి అప్‌డేట్ రావాలి. అది మన చేతిలో లేదు."

వీరవేణి వేలు ఇంకా నీలం మీదే ఉంది.

"అది వచ్చిందాకా ఆయన ఇలాగే ఉండాలాండి?"

సార్ రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని, తల కొంచెం పక్కకి వంచి, ఫొటోని మరోసారి తృప్తిగా చూశారు.

"ఇలాగే చాలా బాగున్నాడమ్మా" అన్నారు.